గోడలోని వైరుకు తనిఖీ ఎప్పుడు?

ఇల్లు కట్టేటప్పుడు ఒకసారి కప్పేశాక మళ్లీ కంటికి కనిపించని పనులు కొన్ని ఉంటాయి. పునాదిలో కట్టిన ఇనుము, గోడలో పోయిన నీటి పైపు, స్లాబులోనూ గోడల్లోనూ పరిచిన విద్యుత్ వైరు ఆ కోవలోకి వస్తాయి. పునాది లోపం పగుళ్లుగా, పైపు లోపం చెమ్మగా కొంత ముందే బయటపడతాయి. వైరింగు లోపం మాత్రం చాలా ఇళ్లలో షాకుగానో మంటగానో తొలిసారి తెలిసివస్తుంది. కనుక వైరింగును ఎవరు చేయాలి, ఎవరి అనుమతితో చేయాలి, ఎవరు ఎప్పుడు వచ్చి చూడాలి అన్న ప్రశ్నలు విద్యుత్తు ఇళ్లలోకి అడుగుపెట్టిన నాటి నుంచీ ఉన్నాయి. వీటికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే, నియమం ఎంత కఠినంగా ఉందన్నదానికన్నా తనిఖీ ఏ దశలో జరుగుతుందన్నదే ఎక్కువ ముఖ్యమని తేలుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమలవుతున్న పద్ధతికి ఉన్న ప్రధాన లోపం కూడా అక్కడే కనిపిస్తుంది.

వైరింగుకు లిఖిత నియమాలు మొదట ఇంజనీర్ల నుంచి, బీమా సంస్థల నుంచి వచ్చాయి. ప్రభుత్వాలు ఆ తరువాతనే రంగంలోకి దిగాయి. న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ సరఫరా మొదలుపెట్టిన 1882లోనే, లండన్‌లో టెలిగ్రాఫ్, విద్యుత్ ఇంజనీర్ల సంఘం అగ్నిప్రమాదాలను నివారించే నియమాలను ప్రకటించింది. బ్రిటన్‌లో నేటికీ అమల్లో ఉన్న వైరింగు నియమావళికి అదే మూలం. అమెరికాలో ఈ పని అగ్నిబీమా సంస్థల చేతుల్లో నడిచింది. ఇల్లు తగలబడితే పరిహారం చెల్లించవలసినది తామే గనుక వైరు ఎలా వేయాలో చెప్పే హక్కు తమకుందని అవి భావించాయి. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనలో వేలాది దీపాలకు వేసిన వైరింగును పరీక్షించడానికి వెళ్లిన విలియం హెన్రీ మెరిల్ మరుసటి ఏడాది అక్కడే ఒక ప్రయోగశాల నెలకొల్పాడు. విద్యుత్ పరికరాల మీద నేడు కనిపించే యూఎల్ ముద్ర దానిదే. ప్రాంతానికొక తీరుగా ఉన్న నియమావళులను కలిపి 1897లో జాతీయ విద్యుత్ నియమావళిని తయారుచేశారు. 1911 నుంచి దాని బాధ్యతను జాతీయ అగ్నిరక్షణ సంఘం చూస్తోంది. మూడేళ్లకొకసారి దాన్ని సవరిస్తారు.

అయితే ఆ నియమావళి స్వతహాగా చట్టం కాదు. రాష్ట్రమో, కౌంటీయో, పురపాలక సంఘమో దాన్ని ఆమోదించిన తరువాతే, ఆమోదించినంత మేరకే అది చట్టమవుతుంది. తమకు తోచిన మార్పులు చేసుకునే స్వేచ్ఛ కూడా స్థానిక సంస్థలకు ఉంది. దేశంలో చాలాచోట్ల చెక్క ఫ్రేముల గోడల మధ్య ప్లాస్టిక్ తొడుగున్న కేబులును నేరుగా లాగుతుండగా, షికాగో నగరం మాత్రం మామూలు నివాస గృహంలో కూడా వైరును లోహపు గొట్టంలోనే వేయాలని పట్టుబడుతుంది. అమలు ఏ అధికారి చేతిలో ఉంటుందో అతని వ్యాఖ్యానానికే అంతిమ విలువ ఉండటం ఆ వ్యవస్థకు బలం, బలహీనత కూడా.

అక్కడి పురపాలక పద్ధతిలో మెచ్చుకోదగినది తనిఖీ వేళ. కొత్త సర్క్యూట్ వేయాలన్నా, మెయిన్ ప్యానెల్ మార్చాలన్నా ముందుగా పర్మిట్ తీసుకోవాలి. స్విచ్చు, సాకెట్టు వంటివి పాడైతే అదే చోట కొత్తవి బిగించుకోవడానికి చాలాచోట్ల పర్మిట్ అక్కరలేదు. వైర్లు లాగి, పెట్టెలు బిగించాక, గోడకు పలకలు కొట్టకముందే మొదటి తనిఖీ జరగాలి. స్విచ్చులు, దీపాలు అమర్చాక చివరి తనిఖీ ఉంటుంది. మొదటి తనిఖీకి వచ్చిన అధికారి చూసేవి చిన్న చిన్న విషయాలే. నిలువు కర్రకు రంధ్రం చేసి కేబులు దూర్చినప్పుడు ఆ రంధ్రం అంచుకూ కర్ర అంచుకూ మధ్య అంగుళంపావు దూరం ఉందా, లేనిచోట ఇనుప రేకు కొట్టారా అని చూస్తాడు. రేపెప్పుడో పటం తగిలించడానికి కొట్టే మేకు వైరులోకి దిగకుండా ఉండాలన్నది ఆ నియమం ఉద్దేశం. కేబులును పెట్టె దగ్గర నిర్ణీత దూరంలో బిగించారా, పెట్టెలో జాయింటు వేయడానికి చాలినంత వైరు వదిలారా, ఎర్త్ వైర్లన్నీ కలిపారా అన్నవి కూడా చూస్తాడు. పలక కొట్టేశాక వీటిలో ఏ ఒక్కటీ కనిపించదు. తనిఖీ కాకముందే గోడ మూసేస్తే దాన్ని మళ్లీ విప్పించే అధికారం ఆ అధికారికి ఉంది కాబట్టే ఆ పద్ధతి పనిచేస్తోంది.

న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ వ్యవస్థ ఎక్కువగా బేస్‌మెంటును గదులుగా మార్చుకునే సందర్భంలో పరిచయమవుతుంది. పర్మిట్ లేకుండా తక్కువకు చేసిపెడతామనే పనివాళ్లు అక్కడా దొరుకుతారు. అటువంటి పని ఇల్లు అమ్మే నాడు పురపాలక రికార్డుల్లో కనిపించక, కొనేవారి పరిశీలకుడికి పట్టుబడి, పూర్తయిన గోడలను విప్పి చూపించవలసిన పరిస్థితిని తేగలదు. రికార్డు ఇంటి చిరునామాకు కట్టుబడి ఉండటం వల్ల దశాబ్దాల తరువాత కూడా ఎవరు ఏ పని చేశారో తెలిసే వీలుంటుంది. అలాగని ఈ పద్ధతి లోపరహితం కాదు. టెక్సాస్‌లో పట్టణ పరిధి దాటిన ప్రాంతాల్లో ఇంటి వైరింగుకు స్థానిక తనిఖీ లేని చోట్లు ఎన్నో ఉన్నాయి. కొన్ని రాష్ట్రాలు జాతీయ నియమావళి పాత ముద్రణతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తాయి. రోజంతా ఇంటింటికీ తిరిగే అధికారి ఒక్కో ఇంట్లో గడపగలిగే సమయమూ పరిమితమే.

బ్రిటన్ మరో దారి పట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 జనవరి 1 నుంచి భవన నిబంధనల్లో చేరిన 'పార్ట్ పి' అనే భాగం ఇంటి వైరింగులో ముఖ్యమైన పనులను స్థానిక సంస్థకు తెలియజేయాలని నిర్దేశించింది. గుర్తింపు పొందిన పథకంలో నమోదైన ఎలక్ట్రీషియన్ తన పనిని తానే పరీక్షించి ధ్రువీకరించవచ్చు. ఆ పథకం వారు అతని పనుల్లో కొన్నింటిని ఎంచుకుని పరిశీలిస్తారు. 2013లో ఇంగ్లండ్ తెలియజేయవలసిన పనుల జాబితాను కుదించుకుంది. దానికన్నా విలువైన మార్పు 2020లో వచ్చింది: అద్దెకిచ్చే ఇంటి వైరింగును కనీసం ఐదేళ్లకొకసారి అర్హుడైన వ్యక్తితో పరీక్ష చేయించి, ఆ నివేదికను అద్దెదారుకు ఇవ్వాలని ఇంటి యజమానిని చట్టం నిర్బంధించింది. కొత్త పనిని చూసే వ్యవస్థలు ఎన్నో ఉన్నాయి గానీ పాతబడుతున్న వైరును చూసే వ్యవస్థలు అరుదు. ఆ అరుదైనవాటిలో ఇది ఒకటి.

భారతదేశంలో ఈ విషయం పురపాలక చట్టాల్లోకి రాకుండా విద్యుత్ చట్టాల్లోనే ఉండిపోయింది. 1910 నాటి భారత విద్యుత్ చట్టం, దాని కింద వచ్చిన 1956 నియమాలు, వాటి స్థానంలోకి వచ్చిన 2003 విద్యుత్ చట్టం, ఆ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో జారీచేసి 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనలు ఈ వరసలోవి. 1956 నాటి 45వ నియమం నుంచి నేటి వరకూ మారని సూత్రం ఒకటుంది. లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారా, అర్హతా పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతనే వైరింగు జరగాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఉంది. ఈ లైసెన్సులూ పర్మిట్లూ ఇచ్చే బోర్డులు, వాటితో ముడిపడిన విద్యుత్ తనిఖీ శాఖ రాష్ట్ర ప్రభుత్వానివి. పురపాలక సంఘానికి వాటితో సంబంధం లేదు. అమెరికా నగరం ఫలానా చిరునామాలో జరిగే ఫలానా పనికి అనుమతి ఇస్తే, ఇక్కడి చట్టం పనిచేసే మనిషికి అనుమతి ఇచ్చి, అతను చేసే ప్రతి పనినీ అతని అర్హత మీద వదిలేస్తుంది. అర్హత ఉన్నవాడే ప్రతి ఇంట్లోనూ నిలబడి పని చేయిస్తే ఈ సూత్రం సరిపోతుంది. అతని సంతకం మాత్రమే ఇంటికి వచ్చిన నాడు ఏమీ మిగలదు.

సంతకం మాత్రమే వచ్చే వీలును నిబంధనే కల్పించింది. కొత్త సర్వీసు కోసమో అదనపు సరఫరా కోసమో దరఖాస్తు అందినప్పుడు, కనెక్షన్ ఇవ్వకముందు, సరఫరాదారు ఆ ఇంటి వైరింగును తానే పరీక్షించాలి, లేదా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం చేసిన పరీక్షా ఫలితాలను అంగీకరించాలి అని 2010 నిబంధనలు చెప్పాయి. ఇందులోని 'లేదా' అన్న వెసులుబాటు మీదనే వ్యవస్థ మొత్తం నడుస్తోంది. విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కం సిబ్బంది మీటరు వరకు వస్తారు, సర్వీసు వైరు చూస్తారు, స్తంభం నుంచి దూరం కొలుస్తారు. మీటరు దాటి ఇంట్లోకి పోయిన వైరు గురించి వారికి తెలిసేది దరఖాస్తుకు జతచేసిన కాగితమే. ఇంటి యజమాని మాట్లాడుకున్న ఎలక్ట్రీషియన్ ఒకరు, కాగితం మీద సంతకం పెట్టిన కాంట్రాక్టరు మరొకరు కావడం, ఆ కాంట్రాక్టరు ఇల్లు చూడకుండానే సంతకం పెట్టడం ఇళ్లు కట్టుకున్నవారిలో చాలామందికి తెలిసిన విషయమే.

ఆ కాగితంలో రాసే పరీక్షను నిజంగానే చేశారనుకున్నా దాని హద్దులను గుర్తించాలి. మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల ఒత్తిడి ఇచ్చి, ఫేజు వైరుకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగోమ్ ఉందో లేదో చూడటం ఇందులో ప్రధానం; అంటే వైరు మీది తొడుగు విద్యుత్తును బయటికి కారనివ్వకుండా ఆపుతోందా అని చూడటం. తొడుగు చిట్లిన వైరును, తడిసిన పెట్టెను ఈ పరీక్ష పట్టిస్తుంది. గీజరుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వేయవలసిన చోట ఒకటిన్నర వేస్తే పట్టించదు. మెలిపెట్టి టేపు చుట్టిన వదులు జాయింటునూ పట్టించదు. సాకెట్టుకు ఎర్త్ వైరే లాగకపోతే కారడానికి దారే లేదు కాబట్టి అంకె ఇంకా మెరుగ్గా వస్తుంది. ఎర్తింగు లేని ఇల్లు ఈ ఒక్క పరీక్షలో మంచి ఇంటికన్నా మంచిగా కనిపించగలదు. ఎర్త్ కొనసాగింపు పరీక్ష వేరే చేయాలి. వైరు మందం, జాయింట్లు కంటితోనే చూడాలి.

కంటితో చూడటానికి తగిన వేళ ఏదన్న ప్రశ్నకు అమెరికా జవాబు ఇక్కడ యథాతథంగా పనికిరాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు నిర్మాణమే ఎక్కువ. సెంట్రింగు మీద ఇనుము కట్టగానే ఎలక్ట్రీషియన్ వచ్చి ఊచల మధ్య పీవీసీ పైపులు పరిచి, ఫ్యాను పెట్టెలను తీగతో కడతాడు. ఆ సాయంత్రమో మరునాడో కాంక్రీటు పోస్తారు. గోడలు లేచాక గాడి కొట్టి పైపులు దించి, ఇనుప పెట్టెలు బిగించి, ప్లాస్టరింగు చేస్తారు. వైర్లను మాత్రం ఆ తరువాతనే పైపుల్లోంచి స్ప్రింగుతో లాగుతారు. ఈ పద్ధతి సరిగా చేస్తే అమెరికా పద్ధతికన్నా మెరుగైనది. పైపు నిండిపోకుండా వేసి, వంపుల దగ్గర పెట్టెలు వదిలితే ముప్పై ఏళ్ల తరువాత గోడ పగలగొట్టకుండానే వైరు మార్చుకోవచ్చు. చెడగొట్టే తీరులూ దీనికి ప్రత్యేకమైనవే: ఒకే పైపులో రెండు మూడు సర్క్యూట్లను కుక్కడం, లాగుతున్నప్పుడు వైరు చాలకపోతే పైపు లోపలే జాయింటు పడటం, జంక్షన్ పెట్టె మూతను సున్నంతో పూడ్చేయడం, ఇన్వర్టరు న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో కలిపేయడం. కాబట్టి ఇక్కడ రెండు చూపులు కావాలి: కాంక్రీటు పోయకముందు పైపుల మీద ఒకటి, వైర్లు లాగి స్విచ్చులు బిగించకముందు మరొకటి. ఈ రెండు వేళల్లోనూ ఇంటికి వచ్చి తీరవలసిన అధికారి ఇప్పటి వ్యవస్థలో లేడు.

పురపాలక సంఘం ఈ లోటు తీరుస్తుందా అంటే, దాని దృష్టి ఇంకో వైపు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168వ నంబరు ఉత్తర్వు కొన్ని చిన్న ఇళ్లను మినహాయించి మిగతా భవనాలకు నివాసయోగ్యతా పత్రాన్ని తప్పనిసరి చేసింది. ఆ పత్రం లేకుండా విద్యుత్, నీటి శాఖలు మామూలు కనెక్షన్ ఇవ్వరాదని, లేదా పత్రం తెచ్చేదాకా మూడు రెట్ల చార్జీ వసూలు చేయవచ్చని చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఇటువంటి పత్రం చూశాకే సేవా కనెక్షన్లు ఇవ్వాలని ఆదేశించింది. ఇవన్నీ అక్రమ కట్టడాలను అరికట్టడానికి విద్యుత్ కనెక్షన్‌ను ఆయుధంగా వాడుకునే ఏర్పాట్లు. వైరింగు భద్రత వాటి లక్ష్యం కాదు. నివాసయోగ్యతా పత్రం ఇచ్చే అధికారి సెట్‌బ్యాకులు, ఎత్తు, పార్కింగు కొలుస్తాడు. తెలంగాణలో 2020 నుంచి అమల్లో ఉన్న టీఎస్-బీపాస్ చట్టం చిన్న స్థలాల్లోని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తోంది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధను తగ్గించిన మేలైన సంస్కరణే అయినా, వైరింగును ఎవరూ చూడని స్థితిని అది అలాగే ఉంచింది. కరెంటు ఆపగల శాఖ కాగితం చూస్తోంది, భవనం చూసే శాఖ వైరు చూడటం లేదు.

విద్యుత్ తనిఖీ శాఖ నిజంగా కదిలే భవనాలు వేరే ఉన్నాయి. 15 మీటర్లకు మించిన బహుళ అంతస్తుల భవనాల విషయంలో, ప్రభుత్వం ప్రకటించిన లోడు, వోల్టేజీ పరిమితులను దాటితే, యజమాని ముందుగా నోటీసు ఇచ్చి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు చేత తనిఖీ చేయించుకోవాలి. విద్యుత్ కేబుళ్లు పోయే నిలువు డక్టులో మరే పైపూ ఉండరాదని, ప్రతి అంతస్తు దగ్గరా మంటను ఆపే అడ్డుకట్ట ఉండాలని నిబంధన. వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది గుమికూడే స్థలాల్లో విద్యుత్తు వాడకానికి ముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలని 2003 చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. ఈ నియమాల వెనుక తర్కం సరైనదే, ఎక్కువ మంది ఉన్నచోట ఎక్కువ జాగ్రత్త. కానీ 2010 నిబంధనలకు తరువాత వచ్చిన సవరణలు ఒక నిర్ణీత వోల్టేజీ కంటే తక్కువ ఉన్న వ్యవస్థలను యజమానే స్వయంగా ధ్రువీకరించుకునే మార్గం తెరిచాయి. ఆ వెసులుబాటు అంతిమంగా చేరేది చిన్న వాణిజ్య భవనాల వద్దకూ, ఊళ్లలో అడుగడుగునా కనిపించే నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్ల వద్దకూ.

ప్రమాదాలు వాణిజ్య భవనాల్లోనూ పాత ఇళ్లలోనూ కనిపిస్తున్నాయి. 2023 మార్చిలో సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సు మంటల్లో ఆరుగురు, 2025 మే 18న హైదరాబాదు చార్మినార్ చేరువలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత ఇంట్లో పిల్లలతో సహా పదిహేడు మంది మరణించారు. రెండు సందర్భాల్లోనూ షార్ట్ సర్క్యూట్ అన్న మాటే మొదట వినబడింది. ఈ మాట ప్రమాద కారణంగా వార్తల్లో స్థిరపడిపోయింది గానీ, అది కారణం కాదు, ఒక సంఘటన మాత్రమే. ఏ వైరు ఏ లోడుకు వేడెక్కింది, ఏ బ్రేకరు ఎందుకు పడలేదు, ఆ వైరును ఎప్పుడు ఎవరు వేశారు అన్నవాటికి జవాబు దొరికితేనే కారణం తెలిసినట్టు. 2003 చట్టంలోని 161వ సెక్షన్ ప్రమాదాలపై నోటీసు ఇవ్వాలంటుంది, ప్రభుత్వం తగునని తలిస్తే ఇన్‌స్పెక్టరు చేత విచారణ జరిపించి నివేదిక తెప్పించుకోవచ్చంటుంది. ఆ నివేదికను ప్రచురించాలని మాత్రం అనదు. ఒక ఇంటి ప్రమాదం మరో ఇంటికి పాఠం కావాలంటే ఆ నివేదికలు ప్రజల చేతికి రావాలి.

ప్రాణాలను నేరుగా కాపాడే ఒక పరికరం విషయంలో నియమం ముందుకు నడిచిందని ఒప్పుకోవాలి. ఇళ్లలో మామూలుగా ఉండే ఎంసీబీ వైరు వేడెక్కినప్పుడూ షార్ట్ అయినప్పుడూ పడుతుంది. మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటును అది గుర్తించలేదు. ఆ పని ఆర్‌సీసీబీ చేస్తుంది. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ ముప్పై మిల్లీ యాంపియర్ల తేడా రాగానే సరఫరాను కోసేయడం ఇళ్లలో వాడే రకం లక్షణం. అమెరికా నియమావళి ఇటువంటి రక్షణను 1975లోనే స్నానాల గదుల సాకెట్లకు తప్పనిసరి చేసింది. భారత నిబంధనలు 2010లో 5 కిలోవాట్ల లోపు ఇళ్లను దీని నుంచి మినహాయించాయి. తరువాత ఆ హద్దు కిందికి దిగింది. ఒక గది, ఒక గీజరు ఉన్న పేద ఇంట్లో తడి చేయి ఎంత ప్రమాదమో పెద్ద ఇంట్లోనూ అంతే కాబట్టి హద్దే ఉండకూడదన్నది న్యాయమైన వాదన.

తనిఖీలు పెంచాలనే సూచనకు ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. ఇప్పుడున్న ఇన్‌స్పెక్టర్లతో ప్రతి ఇంటినీ చూడటం సాధ్యం కాదు. అధికారి గడప తొక్కే ప్రతి సందర్భమూ చేయి తడపవలసిన సందర్భంగా మారుతుందన్న భయం అనుభవం నుంచి పుట్టింది. పర్మిట్ లేని ఎలక్ట్రీషియన్ల జీవనోపాధి కూడా ఆలోచించవలసిన విషయమే. కానీ ఈ అభ్యంతరాలు ప్రతి ఇంటినీ అధికారి చూడాలన్న కోరికకు జవాబు అవుతాయే తప్ప, ఎవరూ చూడకపోయినా ఫరవాలేదన్న స్థితికి సమర్థన కావు. బ్రిటన్ పద్ధతి చూపినట్టు, సంతకం పెట్టే కాంట్రాక్టరు పనుల్లో కొన్నింటిని మాత్రమే ఎంచుకుని నిజంగా పరిశీలించి, తప్పుడు సంతకానికి లైసెన్సు రద్దు చేస్తే సంతకం విలువ పెరుగుతుంది. కాంక్రీటు పోయకముందు పైపుల ఫొటోలను, వైర్లు లాగాక తెరిచి ఉన్న పెట్టెల ఫొటోలను తేదీతో సహా దరఖాస్తుకు జతచేయాలన్న ఒక్క షరతు, ఇప్పటికే ఆన్‌లైన్‌లో నడుస్తున్న ప్రక్రియకు పెద్ద భారం కాదు. వాటితో ఇంటి యజమానికి తన గోడల్లో ఏముందో తెలిసే పటం కూడా చేతికి వస్తుంది. పర్మిట్ లేని పనివారికి స్వల్పకాల శిక్షణ, పరీక్ష ద్వారా పర్మిట్ ఇవ్వడం వారిని బయటికి నెట్టడం కన్నా మేలు.

కొత్త ఇళ్లను ఇలా పట్టుకోగలిగినా, ఇరవై ముప్పై ఏళ్ల కిందట నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్ల కోసం వైరింగు చేసుకుని, ఇప్పుడు రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్న పాత ఇళ్లు మిగిలే ఉంటాయి. ఆ ఇల్లు మళ్లీ కరెంటు ఆఫీసు ఎదుటికి వచ్చే సందర్భం దాదాపు ఒక్కటే, మంజూరైన లోడు కన్నా వాడకం పెరిగిందని డిస్కం గుర్తించి అదనపు లోడును క్రమబద్ధీకరించుకోమన్నప్పుడు. వినియోగదారు డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టేస్తే లోడు పెరిగినట్టు రికార్డవుతుంది. డిస్కంలు రాయితీ ప్రకటించి గడువు పెట్టి మరీ ఈ పని చేయించిన సందర్భాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు మీద భారం లెక్కలోకి వస్తుంది, గోడలోని పాత వైరు మీద భారం రాదు. అదనపు సరఫరాకు ముందు కూడా వైరింగు పరీక్ష జరగాలని నిబంధన ఇప్పటికే చెబుతోంది కాబట్టి కొత్త చట్టం అక్కరలేదు. చార్జీల రసీదు ఇచ్చే ముందు ఏసీకి, గీజరుకు పోయే వైరు మందాన్ని, ఎర్త్ కొనసాగింపును, ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసి రాసిన ఒక్క పేజీ నివేదికను అడిగితే చాలు.